లంబసింగి ఘాట్ రోడ్డు: మన తాతలు తవ్వింది, మనం తొక్కింది



మొన్న మేము ఐదుగురం గేర్ సైకిళ్లేసుకుని నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా తిరిగి కృష్ణదేవిపేట దాకా మూడు రోజులు తిరిగొచ్చాం. ఫోటోలు పెట్టగానే చాలామంది "సైకిల్ ఎంతకి దొరికింది, ఎక్కడ పడుకున్నారు, చలి ఎలా ఉంది" అని అడిగారు. వాటి గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాం. ఈ పోస్టు మాత్రం మేము తొక్కిన రోడ్డు గురించి. ఎందుకంటే మన మన్యంలో ఈ రోడ్డంత చరిత్ర ఉన్న రోడ్డు ఇంకోటి లేదు. మనలో చాలామందిమి ఆ రోడ్డు మీదే బస్సెక్కి హాస్టల్‌కి వెళ్లాం, కాలేజీకి వెళ్లాం, పరీక్షలకి వెళ్లాం. దాన్ని ఎవరు వేశారో మాత్రం ఏ బోర్డు మీదా రాసి లేదు.

1. రోడ్డు రాకముందు

రోడ్డు లేదంటే దారి లేదని కాదు. మన ముసలోళ్లకి కొండ మీద ప్రతి గెడ్డ దగ్గర, ప్రతి సంతకి ఒక దారి ఉండేది. కావిడి భుజాన వేసుకుని చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకులు పట్టుకుని దిగేవారు. ఉప్పు, బట్ట, ఇనుము పట్టుకుని ఎక్కేవారు. ఆ దారుల వెడల్పు ఒక మనిషి నడిచేటంతే. ఒకడి వెనక ఒకడు నడవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దామనపల్లి దగ్గరకొచ్చాక దీంతో పని ఉంది.

అప్పట్లో కొండ ప్రాంతమంతా ముఠాలుగా ఉండేది. ముఠాకి ఒక ముఠాదారు. శిస్తు వసూలు చేసి పైకి కట్టడం, ఊళ్ల తగువులు తీర్చడం ఆయన పని. బ్రిటిష్ వాళ్లు 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖ కొండ ప్రాంతాలని మామూలు చట్టాల నుంచి తీసేసి కలెక్టరు చేతిలో పెట్టారు. ఏజెన్సీ అనే మాట మనకి అక్కడి నుంచే వచ్చింది. 1879లో రంప వైపు కల్లు మీద పన్నేసినందుకు పెద్ద పితూరి లేచింది. కల్లు అంటే మనకి తాగుడు ఒక్కటే కాదు కదా. జీలుగు చెట్టు ఇంట్లో బిడ్డ లాంటిది, ఎండాకాలంలో గింజలు అయిపోయాక కడుపు నింపేది అదే. దాని మీద పన్ను అంటే ఆకలి మీద పన్నే. ఆ పితూరి గూడెం వైపు కూడా పాకింది. అణచడానికి ప్రభుత్వానికి ఏడాదికి పైగా పట్టింది.

ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. పోడు కొట్టకూడదు, పశువుల్ని తోలకూడదు, కట్టెలు తేకూడదు అన్నారు. నిన్నటి దాకా మన పెరడు లాగా ఉన్న అడవిలోకి వెళ్తే నేరం అయిపోయింది.

పితూరిల నుంచి సర్కారు నేర్చుకున్న పాఠం ఒకటే: కొండ మీదికి సిపాయిలు త్వరగా ఎక్కాలి, కొండ మీది కలప, సరుకు త్వరగా దిగాలి. రెంటికీ రోడ్డు కావాలి.

2. ఎక్కుడు

నర్సీపట్నంలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. డౌనూరు దాకా ఊపు మీదే ఉన్నాం. పాటలు, పందేలు. అక్కడి నుంచి ఘాట్ మొదలు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. నర్సీపట్నం పూర్తిగా మైదానం. అంటే ఆ ఎత్తంతా కాళ్లతోనే ఎక్కాలన్నమాట. బస్సులో కూర్చుంటే ఆ ఎత్తు మనకి తెలీదు. చెవులు గుయ్యిమంటాయంతే. సైకిల్ మీద అయితే ప్రతి మలుపు తొడల్లోకి దిగుతుంది.

నాలుగైదు మలుపులు అయ్యేసరికి అందరి గేర్లూ ఆఖరికి వచ్చేశాయి. మాలో ఒకడికి చైన్ ఊడిపోయింది. వాడు రోడ్డు పక్క బండ మీద కూలబడి, "ఒరేయ్, ఈ కొండ మీద రోడ్డేసినోడు ఎవడ్రా బాబూ, వాడికి దండం" అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాత మాలో ఒకామె మెల్లగా అంది: "ఏసింది మన తాతలేరా."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. చైన్ వేస్తున్నంతసేపూ ఆ రోడ్డు అంచునే చూస్తూ ఉన్నాం. ఒక పక్క కొండని నిలువునా కోసిన గోడ, ఇంకో పక్క లోయ. ఇప్పుడైతే పొక్లెయిన్లు ఉన్నాయి. అప్పుడు ఉన్నవి గునపం, పార, తట్ట, మనిషి. పగలగొట్టిన ప్రతి రాయినీ ఎవరో ఒకరు ఎత్తి తట్టలో వేసుకున్నారు. ఖాళీ సైకిల్ ఎక్కించడానికే మేము ఆయాసపడుతున్నాం. వాళ్లు అదే కొండ మీద రోజంతా రాళ్లు మోశారు. అదీ ఇష్టపడి చేసింది కాదు.

3. బాస్టియన్, వెట్టి, గాం సోదరులు

1920 దాటాక నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని జోరందుకుంది. గూడెం ప్రాంతంలో అప్పటి తహసీల్దారు బాస్టియన్. ఊళ్ల నుంచి మనుషుల్ని బలవంతంగా తోలుకొచ్చి పనిలో పెట్టేవాడు. కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు. రానన్నవాళ్లకి దెబ్బలు. ఇది కేవలం మన పెద్దలు చెప్పుకునే మాట అయితే కథ అనేవారేమో. మన్యం తిరుగుబాటు మీద రాసిన చరిత్రకారులందరూ కారణాల్లో ముందు వరసలో రాసే పేరు ఇతనిదే.

వెట్టి అంటే ఏమిటో మన తరానికి పూర్తిగా అర్థం కాదు. డబ్బులు ఇవ్వకపోవడం ఒక్కటే అనుకుంటాం. కానీ ఆలోచించండి. పోడు వ్యవసాయంలో చెట్టు కొట్టే రోజులు, కాల్చే రోజులు, వానకి ముందు విత్తనం చల్లే రోజులు అని లెక్క ఉంటుంది. ఆ పది రోజుల్లో మనిషిని రోడ్డు పనికి పట్టుకుపోతే ఆ ఏడాదికి సామలూ లేవు, చోళ్లూ లేవు. పోయేది పది రోజుల కూలి కాదు, ఏడాది తిండి. ఒక పక్క అటవీ చట్టం పోడు వద్దంటుంది. ఇంకో పక్క రోడ్డు పని చేతులు లాక్కుంటుంది. ఇంక షావుకారి దగ్గర అప్పు తప్ప ఏం మిగులుతుంది?

బట్టిపనుకులకి చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఈ అన్యాయం మీద నిలబడ్డారు. గంటందొర ముఠాదారు కుటుంబం వాడు. బాస్టియన్‌తో వాళ్లకి భూమి తగువు కూడా ఉంది. అర్జీలు పెట్టినా పని జరగలేదు. అప్పటికే ఈ కొండల్లో తిరుగుతూ జనానికి దగ్గరైన అల్లూరి సీతారామరాజుతో ఈ అన్నదమ్ములు కలిశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సినిమాలు, పాఠ్యపుస్తకాలు చదివితే రాజు గారు వచ్చి మనల్ని లేపారని అనిపిస్తుంది. ఆయన త్యాగం గొప్పది, దానికి తలవంచాల్సిందే. కానీ ఆయన పుట్టకముందే ఈ కొండల్లో పితూరిలు లేచాయి. ఆయన వచ్చేసరికి రోడ్డు మీద రాళ్లు మోస్తున్న వాళ్ల కడుపులో కోపం ఉంది. నాయకుడు అగ్గిపుల్ల అయితే కట్టెలు మనవాళ్లవి. ఈ రెండో సగం రాయాల్సింది మనమే.

4. 1922 ఆగస్టు, మూడు రోజులు

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు పట్టుకెళ్లారు. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్కని రాజు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టాడని చెప్తారు. తర్వాత రోజుల్లో ఫలానా రోజు వస్తున్నామని ముందే కబురు పంపి మరీ వెళ్లేవారు. మిరపకాయ టపా అనే మాట అలా వచ్చిందే.

బళ్లో ఈ తేదీలు బట్టీ పట్టాం. సైకిల్ మీద ఆ ఊళ్ల మధ్య తిరిగితే తేదీల బరువు తెలుస్తుంది. చింతపల్లి కొండ మీద ఉంది, కృష్ణదేవిపేట కొండ కింద. ఆగస్టు అంటే గెడ్డలు పొంగే నెల. తారు రోడ్డు మీద, గేర్లున్న సైకిళ్ల మీద, దిగువకి వెళ్తూ కూడా మా చేతులు బ్రేకులు పట్టీ పట్టీ తిమ్మిరెక్కాయి. వాళ్లు వానాకాలంలో, తుపాకులు మోసుకుని, అడవి దారిన నడిచి మర్నాటికల్లా అక్కడున్నారు. దీనికి ధైర్యం ఒక్కటే సరిపోదు. ఏ గెడ్డ ఎక్కడ దాటొచ్చో, ఏ ఊరిలో అన్నం దొరుకుతుందో తెలియాలి. అన్నం పెట్టినందుకు తర్వాత దెబ్బలు తిన్న ఊళ్లు ఎన్నో. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

5. దామనపల్లి మలుపు

రెండో రోజు గూడెం కొత్తవీధి వైపు తిరిగాం. ఆ మండలంలోనే దామనపల్లి. 1922 సెప్టెంబరు 24న అక్కడి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ఆ రోజు ఏం జరిగిందో చూడండి. దారి ఇరుకు. ఒకడి వెనక ఒకడు నడవాలి. కొండ పైన పొంచి ఉన్న మనవాళ్లు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని వెళ్లనిచ్చారు. తెల్ల అధికారులు కిందికి రాగానే కాల్చారు. దీన్ని చాలామంది యుద్ధ నైపుణ్యం అని మాత్రమే చెప్తారు. ముందు నడిచిన సిపాయిలూ పొట్టకూటికి వచ్చినవాళ్లేనని తెలిసి, ఎవరి మీద పోరాటమో మనసులో స్పష్టంగా ఉంటేనే ఆ వేలు ఆగుతుంది. మనకి గర్వం ఉండాల్సింది దీనికి.

సిపాయికి ఆ ఇరుకు దారి ఉచ్చు అయితే మనవాళ్లకి అదే కోట. ఇంకా సర్కారుకి వెడల్పు రోడ్డు ఎందుకు కావాలో, మన వాళ్లకి అదంటే ఎందుకు గిట్టలేదో ఈ ఒక్క చోట నిలబడితే తెలిసిపోతుంది.

6. రోడ్డు ఎవరికి పనికొచ్చింది

మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర మనవాళ్లకి పెద్ద దెబ్బ తగిలింది. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. 1924 జనవరికి అస్సాం రైఫిల్స్‌ని దింపారు. కొండల్లో యుద్ధం తెలిసిన దళం అది. తర్వాత రూథర్‌ఫర్డ్‌కి బాధ్యత అప్పగించారు. ఊళ్లకి తిండి అందకుండా కట్టడి చేశారు. 1924 మే 7న రాజు మంప దగ్గర పట్టుబడ్డాడు. కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మూడో రోజు మేము సైకిళ్లు అక్కడే ఆపి, చెప్పులు విప్పి, కాసేపు కూర్చున్నాం. తర్వాతి నెలలో గంటందొర కూడా పోరాడుతూనే చనిపోయాడు.

మల్లుదొరకి ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని అండమాన్ జైలుగా మార్చారు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడు. 1952లో జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్లాడు. వెట్టి మీద తిరగబడి ఉరి దాకా వెళ్లిన మన మనిషి ఢిల్లీలో కూర్చుని చట్టాలు చేసే చోటికి చేరాడు. మా ఐదుగురిలో ఇద్దరికి ఈ సంగతి అప్పటిదాకా తెలీదు. గ్రూపులో ఎంతమందికి తెలుసో కామెంటులో చెప్పండి.

రోడ్డు మాత్రం ఉండిపోయింది. వద్దన్నవాళ్లు పోయారు, వేయించినవాళ్లు పోయారు, వాళ్ల చెమటతో వేసిన రోడ్డు మీద ఇప్పుడు మనం నడుస్తున్నాం.

7. ఈ రోజు లెక్క

ఇప్పుడు 516ఇ జాతీయ రహదారి లంబసింగి మీదుగానే ఉంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా వెళ్తుంది. చలికాలంలో శనివారం వచ్చిందంటే లంబసింగిలో కాలు పెట్టే చోటుండదు. మంచు చూడ్డానికి రాత్రికి రాత్రి కార్లు ఎక్కుతాయి. కొర్రబయలు అని మనవాళ్లు పిలుచుకునే ఊరికి ఆంధ్రా కాశ్మీర్ అని పేరు పెట్టారు. గుడారాలు, రిసార్టులు, బొంగు చికెన్, స్ట్రాబెర్రీ తోటలు. తాజంగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం పని కూడా చేపట్టారు. మంచిదే.

రోడ్డు వద్దని మేము అనడం లేదు. అలా అంటే మన తల్లులు ఒప్పుకోరు. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. ఒకప్పుడు కర్రలతో కొట్టి మన చేత రోడ్డు వేయించారు. ఇప్పుడు రోడ్డు వేయండి బాబూ అని మనమే అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాం. ఈ రెండూ ఎదురెదురు మాటలలా కనిపిస్తాయి గానీ కాదు. రెండింటిలోనూ అడిగేది ఒకటే: ఆ రోడ్డు ఎవరి కోసం? సిపాయి కోసం, కలప కోసం, కారు కోసం అయితే కొండ తొలిచి అయినా వేస్తారు. డోలీ కోసం అయితే ఫైలు కదలదు.

ఇంకోటి భూమి. 1959లో వచ్చి 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, అదే మనం 1/70 అంటాం, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి అమ్మకూడదంటుంది. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, దానం ఏదీ చెల్లదు. అంటే "అమ్మలేదు కదా తమ్ముడూ, పదేళ్లకి అద్దెకిచ్చాం అంతే" అనే మాట చట్టం ముందు నిలబడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. 1996 పీసా చట్టం ప్రకారం భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం మన పోడు భూమికి పట్టా అడిగే హక్కు ఇచ్చింది.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. లంబసింగి దారిలో ఒక చోట టీ తాగుతూ గుడారాలు ఎవరివి అని అడిగితే, టీ కాసే అక్క నవ్వి, "భూమి మాదే బాబూ, డబ్బులు వాళ్లవి. మేము గిన్నెలు తోముతాం" అంది. వందేళ్ల కింద తట్ట మోసినవాళ్ల మనవరాలు ఈ రోజు అదే రోడ్డు పక్క గిన్నెలు తోముతోంది. బాస్టియన్ లేడు, కర్ర లేదు, కూలి కూడా ఇస్తున్నారు. కానీ రోడ్డు తెచ్చిన లాభంలో మన వాటా ఎంత అనే లెక్క ఇంకా తేలలేదు. తేల్చాల్సింది చదువుకున్న మనమే. మన ఊరి కుర్రాళ్లు నలుగురు కలిసి సంఘం పెట్టుకుని గుడారాలు నడిపితే, సైకిళ్లు అద్దెకిస్తే, దారి చూపిస్తే ఆ డబ్బు గూడెంలోనే ఉంటుంది. గ్రామసభలో చట్టం చదివి వినిపించే పిల్లో పిల్లాడో ఒకరుంటే ఆ లీజు కాగితం మీద వేలిముద్ర పడదు.

8. గ్రూపుకి మూడు పనులు

ఒకటి. ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ తాతని, నాయనమ్మని, అమ్మమ్మని అడగండి: మన ఊరికి రోడ్డు ఎప్పుడొచ్చింది, ఎవరు పని చేశారు, ముందు ఏ దారిన సంతకి వెళ్లేవారు? పితూరి రోజుల్లో అన్నం పెట్టిన ఇళ్లేవి? ఫోన్లో రికార్డు చేయండి. కొండదొర, భగత, కోయ, కొండరెడ్డి, వాల్మీకి, కోందు, కొండకమ్మర, ఎవరి భాషలో చెప్తే ఆ భాషలోనే. తెలుగులోకి తర్వాత రాసుకోవచ్చు. ఆ ముసలోళ్లు పోతే ఆ దారుల పేర్లు కూడా పోతాయి.

రెండు. మీ ఊరి పరిధిలో రోడ్డు పక్క భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరి చేతిలో ఉంది అనేది చూడండి. గొడవ పడమని కాదు. ముందు తెలుసుకోండి. తెలిసినవి గ్రూపులో అడ్మిన్లకి చెప్పండి, కలిసి ఆలోచిద్దాం.

మూడు. సైకిల్ తొక్కండి. మాలో ఇద్దరివి సొంతవి, మూడు విశాఖలో అద్దెకి తెచ్చాం. ఘాట్ ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. బ్రేక్ షూలు కొత్తవి వేయించుకోండి, హెల్మెట్ తప్పనిసరి, ట్యూబు, పంపు, చైన్ లింకు దగ్గరుంచుకోండి. తెల్లవారి మంచులో ఎదురుగా వచ్చే బండి కనపడదు, లైటు వేసుకోండి. రాత్రి ఘాట్‌లో వద్దు. ఆడపిల్లలు కూడా రండి, మా ఐదుగురిలో ఇద్దరు ఆడపిల్లలే, పైకి ముందు చేరింది వాళ్లే.

వచ్చే ఆగస్టు 22కి చింతపల్లిలో కలుద్దామా? అక్కడి నుంచి కృష్ణదేవిపేట, తర్వాత రాజవొమ్మంగి. వాళ్లు నడిచిన మూడు రోజులు మనం సైకిళ్ల మీద. ఆ దారిలో పడే ప్రతి ఊళ్లో ఆగి, ఆ ఊరి వాళ్ల పేర్లు రాసుకుందాం. వచ్చేవాళ్లు కింద పేరు, ఊరు పెట్టండి.

జై ఆదివాసీ.